గాలిదారి

"మీకు పది నిమిషాలు ఇచ్చాను. అందులో రెండు అయిపోయాయి," అన్నాడు పెద్ద డాక్టరు.

"ఒకటిన్నర," అంది కొలబద్ద.

కొలబద్ద అన్నది ఆమెకు పోలీసులు పెట్టిన పేరు. ఎక్కడికెళ్లినా ముందు టేపు, తరవాత స్టాప్‌వాచ్ బయటికి తీస్తుందని వెటకారంగా పెట్టారు. ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్న ఈ పదకొండేళ్లలో వెటకారం అరిగిపోయి పేరు మాత్రం మిగిలింది. ఆమెకు అందులో అభ్యంతరమేమీ లేదు. కొలిచినవాళ్లకు కోపం రాదు గానీ, కొలిపించుకున్నవాళ్లకు వస్తుంది.

ఇద్దరి మధ్య ఖాళీ మంచం ఉంది. మంగళవారం మధ్యాహ్నం దాని మీద ఒక మనిషి చచ్చిపోయాడు. అంతకు మూడు వారాల ముందు పెద్ద డాక్టరు అతని కాలి ఎముక ముక్క తీసి, నుజ్జయిపోయిన దవడ స్థానంలో కొత్త దవడ కట్టాడు. కుట్టిన కండ కొత్త ఎముకకు అతుక్కోవడానికి నోట్లో వేలెడంత రబ్బరు దిండు పెట్టారు. మంచం పక్కనున్న మిషన్ ఆ దిండులోకి గాలి నింపుతుంది, తీస్తుంది. ఇలాంటిది ఇంతవరకు ఎవరూ చేయలేదని పెద్ద డాక్టరు నాలుగు సభల్లో చెప్పుకున్నాడు. మంగళవారం రెండుంబావుకి ఈ గది కరెంటు లైను పరీక్ష చేశారు. కరెంటు తీయగానే ఖాళీ కావలసిన దిండు నిండిపోయింది, నాలుకను వెనక్కి నెట్టి గొంతు మూసేసింది. నిద్రలో కుట్లు పీక్కోకుండా రోగి చేతులు మంచానికి కట్టి ఉన్నాయి. పిలుపు బెల్లు కూడా అదే లైను మీద ఉంది. కరెంటు తొమ్మిది నిమిషాల తరవాత వచ్చింది.

మిషన్‌కి వాల్వు బిగించిన ఫిట్టర్‌ని పోలీసులు అదే రోజు పట్టుకున్నారు. ఈ రోజు నాలుగు గంటలకు అదే పరీక్ష మళ్లీ చేయించి, తప్పు ఆమెదేనని వీడియో తీసి, ఆమెను జైలుకి పంపాలని ఏర్పాటు. ఇప్పుడు టైము మూడుకి ఎనిమిది తక్కువ.

ఆ ఫిట్టర్ కొలబద్దకు ఒకప్పటి ఆడపడుచు. విడాకుల కేసులో బోనెక్కి "మా వదినకు ఇల్లు పట్టదు, తిరుగుళ్లే పడతాయి" అని చెప్పిన ఆడపడుచు. పొద్దున మాజీ అత్తగారు ఆరేళ్ల తరవాత ఫోన్ చేసి, "కోపముంటే నా మీద తీర్చుకో, దాన్ని మాత్రం బయటికి తీసుకురా," అని పెట్టేసింది. కొలబద్దకు కోపం ఉంది, చాలానే ఉంది. అయినా వచ్చింది, వచ్చినందుకు తనమీద తనకే చిరాగ్గా ఉంది.

"ఈ కాగితం మీరు రాసిందేనా?"

"నేనే. నా చేతిరాత అర్థం కాదంటారని అచ్చు అక్షరాల్లో రాశాను."

కాగితం మీద ఒకటే వాక్యం ఉంది: 'కరెంటు పోతే గాలిదారి తెరుచుకోవాలి.'

"దీనికి రెండో అర్థం ఏమైనా ఉందా?"

"చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. ఆవిడకు అర్థం కాలేదు. నా మూడేళ్ల పరిశ్రమ మట్టిపాలైంది."

మనిషి పోయాడని కాకుండా పరిశ్రమ పోయిందన్న సంగతి కొలబద్ద మనసులో రాసుకుంది. "దవడ ఎలా నుజ్జయింది?"

"మెట్ల మీంచి పడ్డాడని రాసుంది."

"మీరు నమ్మారా?"

పెద్ద డాక్టరు మొదటిసారి తడుముకున్నాడు. "నేను ఎముకలు కడతాను, కథలు కట్టను. ఎముకలోంచి ఇత్తడి పలుకులు ఏడు ఏరాను. దెబ్బ గుండ్రంగా, గ్లాసు బోర్లించినంత ఉంది. మెట్లకు ఇత్తడి ఉండదని నాకూ తెలుసు. రిపోర్టులో రాశాను."

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవరూ అడగలేదు." ఆయన కేసు ఫైలు తీసి మంచం మీద పడేశాడు. "అన్నీ ఇందులోనే ఉన్నాయి, చదువుకోండి. ఇక టైమైపోయింది."

"ఇంకా యాభై సెకన్లున్నాయి. గొంతు ట్యూబు ఎప్పుడు తీశారు?"

"సోమవారం సాయంత్రం. అప్పటిదాకా మెడలో పెట్టిన ట్యూబుతోనే ఊపిరి పీల్చాడు. బుధవారం మాట్లాడించాలనుకున్నాం. నెల రోజుల తరవాత మొదటి మాట. రాయడం కూడా రాని మనిషి, పాపం తలే ఊపేవాడు."

ఆయన వెళ్లాక కొలబద్ద మంచం చుట్టూ తిరిగింది. మంచం నుంచి బెల్లు దాకా ఒక మూర, బెల్లు నుంచి నర్సు బల్ల దాకా పద్నాలుగు అడుగులు. కింద నేలమాళిగలో, మిషన్‌కి గాలి పంపే కంప్రెసర్ మొదలైంది. అలవాటు కొద్దీ స్టాప్‌వాచ్ నొక్కింది. నాలుగు నిమిషాల పది సెకన్లకు కంప్రెసర్ తనంతట తనే ఆగిపోయింది.

అప్పుడే గుమ్మం దగ్గర కీచుమని చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ కొత్త బూట్లు వేసుకున్నాడు. ఆయన్ని వెనకాల లక్క అంటారు, ఏ కేసైనా మధ్యాహ్నం భోజనం లోపే సీలు వేసేస్తాడని.

"టేపు తెచ్చారా కొలబద్దగారూ? గది వెడల్పు చెప్పండి, హంతకురాలు దొరికిపోతుంది."

"దొరికిందని పేపర్లో వేయించుకున్నారుగా. మళ్లీ నాలుగింటికి నాటకం దేనికి?"

"కోర్టులో నిలబడటానికి. మీలాంటివాళ్లు అడ్డం పడతారని తెలుసు." ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "డాక్టరు సరిగ్గా రాశానంటాడు, మీ ఆడపడుచు సరిగ్గా చేశానంటుంది. ఒకరు అబద్ధం చెప్తున్నారు. అది డాక్టరు కాదు."

"మాజీ ఆడపడుచు."

"మరీ మంచిది. ఊచలు లెక్కపెడుతుంటే చూసి సంతోషించండి."

"మెట్ల మీంచి పడ్డాడని రోగి చేత స్టేట్‌మెంట్ తీసుకున్నది మీరేనా? దవడ లేని మనిషి ఎలా చెప్పాడు?"

"నేను అడిగాను, అతను తల ఊపాడు. మందుల మత్తులో ఉన్నాడని పక్కన కంట్రోల్ ఇంజనీరు కూడా ఉండి సాయం చేశాడు."

కంట్రోల్ ఇంజనీరు సరిగ్గా ఆ మాటకే లోపలికి వచ్చాడు, నడుముకు తాళాలగుత్తి గలగలమంటూ. మిషన్‌కి ఎప్పుడు ఎంత గాలి వెళ్లాలో లెక్కకట్టేది అతనే. ఆ అంతస్తు మొత్తంలో ఆమెతో మర్యాదగా మాట్లాడింది కూడా అతనొక్కడే. కుర్చీ జరిపాడు, మంచినీళ్లు కావాలా అన్నాడు. అందరూ విసుక్కునే ఆస్పత్రిలో ఆ మర్యాద కొలబద్దకు అతకనట్టు అనిపించింది.

ఫిట్టర్‌ని సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. బయట కానిస్టేబులు ఉన్నాడు. కొలబద్ద లోపలికి వెళ్లేసరికి ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది.

"నిన్నెవరు రమ్మన్నారు?"

"మీ అమ్మ."

"అమ్మకు మతి పోయింది. నువ్వు వెళ్లిపో వదినా," అని నాలుక కరుచుకుంది. ఆరేళ్ల కిందట కోర్టులో కొట్టేసిన పిలుపు అది.

కొలబద్ద విననట్టే ఊరుకుని కాగితం ముందు పెట్టింది. "నువ్వేం చేశావో చెప్పు."

"రాసినట్టే చేశాను. కరెంటు ఉన్నంతసేపు వాల్వు మూసుకుని ఉంటుంది, కరెంటు పోగానే గాలిదారి తెరుచుకుంటుంది. పదిసార్లు చూసుకుని బిగించాను. నా పనిలో వంక పెట్టడం నీ తరం కాదు."

"వంక పెట్టడానికి రాలేదు. తెరుచుకున్నాక గాలి ఎక్కడికి వెళ్తుంది?"

"ఎక్కడికేమిటి, దిండులోకి."

"గాలిదారి అంటే ఏమిటి?"

ఫిట్టర్ ఇంత మొద్దు ప్రశ్న ఎక్కడా వినలేదన్నట్టు చూసింది. "ట్యాంకు నుంచి గాలి వెళ్లే గొట్టం. ఇంకేముంటుంది?"

"డాక్టరుకు గాలిదారి అంటే మనిషి గొంతు. ఊపిరి వెళ్లే దారి. అది తెరుచుకోవాలంటే దిండు ఖాళీ కావాలి."

ఫిట్టర్ కాగితం వంక చూసింది, తన చేతుల వంక చూసింది. "అయితే నేనే చంపాను."

"ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరి మధ్య ఎవరో ఉండాలి."

"కంట్రోల్ ఇంజనీరున్నాడు. డాక్టరు మాట మాకు, మా మాట డాక్టరుకు అతనే చేరవేస్తాడు. వాల్వు చూసి సరే అన్నదీ అతనే." ఆమె కాగితాన్ని పక్కకు తోసేసింది. "ఒక్క ముక్క అడిగి ఉండాల్సింది వదినా. గొంతా, గొట్టమా అని ఒక్క ముక్క."

కొలబద్దకు జాలి వేసింది, దాన్ని దాచుకోవడానికి పుల్లవిరుపుగా అడిగింది. "చచ్చిపోయినతను నీకు తెలుసా?"

"కింద నేలమాళిగలో, వాల్వులు పరీక్షించే మా బెంచి దగ్గర హెల్పరు. మెట్ల మీంచి పడ్డాడని ఇంజనీరు చెప్పాడు."

"బెంచి మీద సిలిండర్‌కి మూత దేంతో చేస్తారు?"

"ఇత్తడి. పాతది పోయిందంటే నెల కిందటే కొత్తది బిగించాను. అయినా నీకెందుకు?"

"కంప్రెసర్ నాలుగు నిమిషాల పది సెకన్లకు ఎందుకు ఆగుతుంది?"

"ట్యాంకు మీటరు ముల్లు ఎనిమిది మీదికి రాగానే స్విచ్చి ఆపేస్తుంది. ఆగకపోతే ఏదో ఒకటి లేచిపోతుంది. చాలు, ఇంక వెళ్లు." అంటూ ఫిట్టర్ అరచెయ్యి బోర్లించి, వేళ్లు విప్పుతూ కిందికి దించింది.

కొలబద్దకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. కంప్రెసర్ల రొదలో మాట వినపడదు కాబట్టి ఫిట్టర్లు చేతులతో మాట్లాడుకుంటారు. ఆ ఇంట్లో తండ్రి, కొడుకు, కూతురు ముగ్గురూ ఫిట్టర్లే. ఆ సైగకు అర్థం 'వంగి అడుగు వాల్వు తిప్పు, గాలి వదిలెయ్' అని. కోడలు భోజనాల దగ్గర ఏదైనా చెప్పబోతే నీ మాట వట్టి గాలి అన్నట్టు మామగారు తింటూనే ఎడమచేత్తో ఆ సైగ చేసేవాడు. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు, మొగుడితో సహా. ఆమె కాపురం వదులుకోవడానికి కోర్టులో చెప్పిన కారణాలు వేరు గానీ, అసలు కారణం ఆ చెయ్యే.

తలుపు తోసుకుని కంట్రోల్ ఇంజనీరు వచ్చాడు. "క్షమించండి మేడమ్. వాల్వు ఈమె చేతే బెంచి మీద మళ్లీ బిగించాలని ఇన్‌స్పెక్టర్‌గారు చెప్పారు. కానిస్టేబులు వెంటే ఉంటాడు."

టైము మూడున్నర. కొలబద్ద పక్కకు తప్పుకుంది. ఆ రోజు ఆమె చేసిన తప్పు అదొక్కటే.

కేసు ఫైల్లో ఆపరేషన్ రిపోర్టు వెనక, ఎవరూ తిరగేయని చోట, మిషన్ గీసిన గ్రాఫు కాగితాల నకళ్లు ఉన్నాయి. దిండులో గాలి పెరిగితే గీత లేస్తుంది, తగ్గితే దిగుతుంది. మంగళవారానికి ముందు మూడుసార్లు లైను పరీక్ష జరిగింది. మూడుసార్లూ కరెంటు పోయింది నలభై సెకన్లే. మూడుసార్లూ గీత దిగలేదు, గోడలా నిటారుగా లేచింది. ప్రతి కాగితం అడుగున 'చూశాను' అని కంట్రోల్ ఇంజనీరు సంతకం ఉంది. మొదటిదాని పక్కన పెన్సిల్‌తో ఇంకో ముక్క కూడా ఉంది. అది చదివి కొలబద్ద పరుగులాంటి నడకతో ఇన్‌స్పెక్టర్‌ని వెతుక్కుంటూ వెళ్లింది. దారిలో కంప్రెసర్ మోత మొదలైతే చెయ్యి దానంతట అదే స్టాప్‌వాచ్ నొక్కింది.

ఇన్‌స్పెక్టర్ మెట్ల దగ్గర దొరికాడు. టైము నాలుగుకి తొమ్మిది తక్కువ.

"ఇది చదవండి."

"నాటకానికి టైమవుతోంది. తరవాత చదువుతాను."

"తరవాత మీ ఉద్యోగం ఉండదు. చదవండి."

ఆయన కళ్లెర్రజేసి, కాగితం లాక్కుని చదివాడు. "'గొంతు ట్యూబు ఉంది కాబట్టి రోగికి ఇబ్బంది లేదు.' అయితే?"

"అయితే ఏమిటి? ట్యూబు లేకపోతే ఇబ్బందని తెలిసినవాడేగా అలా రాసేది. వాల్వు తిరగబడిందని మూడుసార్లు చూశాడు. ఎవరికీ చెప్పలేదు. సోమవారం ట్యూబు తీసేదాకా ఆగి, మంగళవారం నలభై సెకన్ల పరీక్షను తొమ్మిది నిమిషాలు చేశాడు."

"స్విచ్చి ఇరుక్కుందని అతను అప్పుడే చెప్పాడు. ఇంజనీరుకు ఆ హెల్పరుతో పగేమిటి?"

"దవడలో ఇత్తడి ఎలా వచ్చిందో బుధవారం ఆ హెల్పరు చెప్పబోతున్నాడు. వాడు మెట్ల మీంచి పడలేదు. ఇంజనీరు పూచీలో ఉన్న బెంచి మీద గాలి హద్దు దాటి, సిలిండర్ మూత లేచి ముఖానికి కొట్టింది. మీరు స్టేట్‌మెంట్ రాసుకున్నప్పుడు పక్కన నిలబడి తల ఊపించింది ఎవరో మీరే చెప్పారు."

ఇన్‌స్పెక్టర్ కాగితం మళ్లీ చూశాడు. జీవితంలో మొదటిసారి తను వేసిన సీలును తనే గీకాల్సి వచ్చిన మనిషిలా నిలబడిపోయాడు. "నాకు పాఠాలు చెప్పొద్దు," అన్నాడు గానీ గొంతులో జోరు లేదు.

కొలబద్ద ఆయన మాట వినడం లేదు. చేతిలో స్టాప్‌వాచ్ చూస్తోంది. "ఆరు నిమిషాలు దాటింది. కంప్రెసర్ ఆగలేదు. కింద ఫిట్టర్ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. వీడియో తీయడానికి కానిస్టేబుల్‌ని పైకి పంపమని ఇంజనీరు అడిగాడు. ఇంజనీరు జనరేటర్ గదిలో ఉన్నాడు, నాలుగింటికి కరెంటు తీస్తాడు."

ఇద్దరూ ఒకేసారి మెట్లు దిగారు.

నేలమాళిగ తలుపుకు బయటినుంచి తాళం వేసి ఉంది. తలుపు నడిమికి పైన చదరపు అద్దం. లోపల ఫిట్టర్ చెవులకు మోత వినపడకుండా కప్పుల్లాంటివి పెట్టుకుని, బెంచి మీదికి వంగి సిలిండర్ ఇత్తడి మూత బిగిస్తోంది. ముఖం సరిగ్గా దాని మీద ఉంది. ఆమె వెనకవైపు ట్యాంకు మీద ముల్లు ఎనిమిది దాటి, పది దాటి, ఎర్రగీత మీద వణుకుతోంది. ట్యాంకుకు, సిలిండర్‌కి మధ్య కొత్తగా ఆమె బిగించిన వాల్వు.

పాత మూత పోయిన సంగతీ, వాల్వు చూసి సరే అన్నదెవరో చెప్పగలిగేదీ ఇక ఆమె ఒక్కతే. ఆమె పోతే, పరీక్షలో ఇంకో తప్పు చేసిందని రాసేస్తారు. తప్పు చేశానన్న దిగులుతో పరధ్యానంగా ఉందని కూడా రాస్తారు. ఆ రిపోర్టు ఎవరు రాస్తారో ఇన్‌స్పెక్టర్‌కు కూడా అర్థమైనట్టుంది. తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్చి మీదికి చెయ్యి పోనిచ్చాడు.

కొలబద్ద టేపు డబ్బాతో ఆ చేతి మీద గట్టిగా కొట్టింది.

"పిచ్చా నీకు? కరెంటు తీస్తే కంప్రెసర్ ఆగుతుంది."

"కరెంటు పోతే గాలిదారి తెరుచుకుంటుంది," అంది కొలబద్ద.

అదే వాక్యం. ఇన్‌స్పెక్టర్ వాల్వు వంక చూశాడు, మూత వంక చూశాడు, మూత మీదికి వంగిన ముఖం వంక చూశాడు. ఈసారి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు. నాలుగు కాకముందే జనరేటర్ గది చేరాలని వెనక్కి తిరిగి పరుగెత్తాడు. కీచు కీచుమంటూ బూట్ల చప్పుడు మెట్లెక్కి పోయింది.

టైము నాలుగుకి రెండు నిమిషాలు తక్కువ. కొలబద్ద అద్దం మీద పిడికిలితో బాదింది. ఫిట్టర్ వినలేదు. మళ్లీ బాదింది. ఈసారి అదురు తగిలిందేమో, తల తిప్పి చూసింది. అద్దంలో కనిపించింది మాజీ వదిన. ఫిట్టర్ మొహం ముడుచుకుని మళ్లీ మూత మీదికి వంగింది.

ఆరేళ్ల పగ అది. మాటలకు లొంగేది కాదు, పైగా మాట వినపడదు. కొలబద్ద పక్కనున్న ఇనుప స్టూలు ఎత్తి అద్దానికి కొట్టింది. అద్దం పగుళ్లిచ్చి మధ్యలో చిల్లు పడింది. ఫిట్టర్ ఉలిక్కిపడి ఇటు తిరిగింది, కోపంతో ఏదో అరిచింది.

కొలబద్ద చెయ్యి పైకెత్తింది. అరచెయ్యి బోర్లించి, వేళ్లు విప్పుతూ కిందికి దించింది. జన్మలో చేయనని ఒట్టు పెట్టుకున్న సైగ.

ఫిట్టర్ ఆలోచించలేదు. చిన్నప్పటినుంచి తండ్రి చేతికి అలవాటు పడిన ఒళ్లు దానంతట అదే వంగింది. ట్యాంకు అడుగున వాల్వు కోసం మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాచింది.

లైట్లు ఆరిపోయాయి.

చప్పుడు చెవుల్లో కాకుండా ఛాతీలో తగిలింది. మూత ఫిట్టర్ తల ఉండాల్సిన చోటునుంచి దూసుకుపోయి ఎదుటి గోడలో దిగబడింది. ఆ తరవాత కాసేపు గాలి బుస్సున పోతూనే ఉంది. పైనున్న చిన్న కిటికీ వెలుగులో సున్నం రాలడం కనిపించింది. కొలబద్ద తలుపుకు చేరగిలబడింది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఫిట్టర్ లేచి, గోడలో దిగిన మూతను చూసింది. కంప్రెసర్ స్విచ్చి డబ్బా తెరిచి, అది ఆగకుండా అందులో ఇరికించిన చెక్కముక్క పీకింది. చెవుల మీద కప్పులు తీసేసి అద్దం దగ్గరికి వచ్చింది.

"ఇంకెప్పుడూ ఆ సైగ చేయకు వదినా," అంది. "మేమూ చేయం."

కొలబద్ద కళ్లు తుడుచుకుని టైము చూసింది. మూడు యాభై తొమ్మిది. కరెంటు అనుకున్న టైముకు ముందే పోయింది. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని ఇంజనీరు చూశాడన్నమాట.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. నింపాదిగా దిగుతున్నాయి. కీచుమనడం లేదు. ఒక్కో మెట్టుకు తాళాలగుత్తి గలగలమంటోంది.

ఫిట్టర్ కూడా వింది. వెళ్లి బెంచి మీద పెద్ద స్పానర్ తీసుకుంది, పగిలిన అద్దంలోంచి జాగ్రత్తగా ఇటు అందించింది.

"పట్టుకో వదినా," అంది. "బరువుంటుంది, రెండు చేతులతో పట్టుకో."